రాయి వేసి పారిపోయే ఆట: పరాయివాళ్ళ మీద పిల్లల అల్లరి ఉత్త సరదాయేనా?

క్లుప్తంగా

పిల్లల తుంటరి పనులన్నింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు. తెలిసినవాళ్ళ మధ్య చేసే అల్లరికి అడిగేవాళ్ళుంటారు, తిట్టేవాళ్ళుంటారు, కాబట్టి హద్దు దానంతట అదే ఏర్పడుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి మీద చేసినప్పుడు ఆ హద్దు ఉండదు, ఎందుకంటే దెబ్బ ఎవరికి, ఎక్కడ తగిలిందో చేసిన పిల్లాడికి కనపడనే కనపడదు. రైళ్ళ మీద రాళ్ళు, హోలీ బెలూన్లు, కాలింగ్ బెల్ కొట్టి పారిపోవడం, ఈ మూడింటిలోనూ ప్రమాదం ఎంతన్నది అవతలి మనిషి ఆ క్షణంలో ఏ పరిస్థితిలో ఉన్నాడన్న దాన్ని బట్టే తేలుతుంది, పిల్లాడి ఉద్దేశం ఎంత అమాయకమైనా సరే.

"మేమూ చేశాంలే"

ఈ విషయం ఎప్పుడు చర్చకొచ్చినా ముందు వినపడే మాట ఇదే. అందులో అబద్ధమేమీ లేదు. మార్చి 31 రాత్రే బంగాళాదుంపను సగానికి కోసి, దాని మీద ఏ.ఎఫ్. (ఏప్రిల్ ఫూల్) అనే అక్షరాలు బ్లేడుతో తిరగేసి చెక్కి, మర్నాడు సిరాలో ముంచి దొరికినవాడి చొక్కా వెనకాల గుద్దిన తరాలు ఇంకా ఉన్నాయి. నోటుకు దారం కట్టి రోడ్డు మీద పడేసి, ఎవరైనా వంగగానే లాగేయడం దాదాపు ప్రతి ఊరికీ తెలిసిన ఆటే. భోగి ముందు రాత్రి పక్కింటి దొడ్లో ఉన్న పాత తలుపు, విరిగిన మంచం, కట్టెల మోపు మాయమై తెల్లవారుజామున మంటలో తేలడం కూడా అంతే. వినాయక చవితి రోజు చంద్రుణ్ణి చూసినవాళ్ళు నీలాపనిందలు పోవాలంటే ఇరుగుపొరుగు ఇళ్ళ మీద చిన్న రాయి వేసి తిట్టించుకోవాలని కొన్ని ప్రాంతాల్లో చెప్పుకుంటారు. అల్లరికి ఆచారమే తలుపు తీసిపెట్టిందన్నమాట.

ఇవి ఎందుకు పెద్దగా చెడలేదో చూస్తే ఒక పద్ధతి కనపడుతుంది. రోజు తెలుసు, మనుషులు తెలుసు. భోగి తెల్లారి తలుపు పోగొట్టుకున్న ఆయనకి అది ఎవరి పనో సాయంత్రంలోగా తెలిసిపోతుంది, నేరుగా వాళ్ళింటికే పోయి అరుస్తాడు, ఆ ఇంట్లో వీపు విమానం మోత మోగుతుంది. చిన్ని కృష్ణుడి మీద గోపికలు మోసుకెళ్ళిన ఫిర్యాదులన్నీ యశోద గుమ్మం దాకా చేరాయి, ఎందుకంటే ఆ పిల్లాడు ఎవరి కొడుకో రేపల్లె అంతటికీ తెలుసు. అల్లరి చేసినవాడికీ, దెబ్బ తిన్నవాళ్ళకీ మధ్య దారి తెరిచే ఉంది. మర్నాడు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కాబట్టి రెండువైపులా కొంత అదుపు ఉంటుంది.

అయితే పాతకాలం అల్లరంతా అమాయకమైనదని అనుకుంటే అది జ్ఞాపకాల్లోని తీపి మాత్రమే. ఊళ్ళో మతిస్థిమితం లేని మనిషి వెనకాల పడి రాళ్ళేసిన పిల్లలూ, ఒంటరిగా ఉండే ముసలావిడ ఇంటి గడియ రాత్రిపూట గుంజిన పిల్లలూ ఆ కాలంలోనే ఉన్నారు. దెబ్బ తిన్నవాళ్ళు ఆ ఊరివాళ్ళే అయినా వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరు. తిరిగి అడగలేని మనిషి దొరికిన చోట అప్పుడు కూడా అల్లరి క్రూరంగానే మారింది, ఈ విషయాన్ని "మేమూ చేశాంలే" అనేవాళ్ళు తరచూ మరిచిపోతారు. ఇప్పుడు పట్టణాల్లో, హైవేల మీద, రైలు కట్టల పక్కన పిల్లలకి ఎదురయ్యేవాళ్ళలో దాదాపు అందరూ అలాంటివాళ్ళే, అంటే వెనక్కి వచ్చి అడగలేనివాళ్ళు.

రైలు కట్ట దగ్గర ఏం జరుగుతోంది

దీనికి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ రైళ్ళ మీద రాళ్ళు. సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ 2023 జనవరి 15న, సంక్రాంతి రోజు మొదలైంది. మొదలవడానికి కొద్దిరోజుల ముందే విశాఖలో కంచరపాలెం దగ్గర దాని అద్దాలు పగిలాయి. ఆ తర్వాత మూడు నెలలు కూడా తిరక్కముందే, మార్చి చివర్లో, అలాంటివి 9 ఘటనలు జరిగాయని దక్షిణ మధ్య రైల్వే ప్రకటించింది. కాజీపేట, ఖమ్మం, కాజీపేట–భువనగిరి, ఏలూరు–రాజమండ్రి మధ్య ఎక్కువగా జరుగుతున్నాయనీ, కొన్నింట్లో ఆరేళ్ళ నుంచి 17 ఏళ్ళ వయసు పిల్లలు ఉన్నారనీ చెప్పింది. రాళ్ళేసినవాళ్ళందరూ పిల్లలే కాదు, పెద్దవాళ్ళు కూడా పట్టుబడ్డారు. కానీ ఆరేళ్ళ పిల్లాడి పేరు రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) కాగితాల్లోకి ఎక్కిందంటే అక్కడ కుట్ర వెతకడం అనవసరం, వాడు ఆడుకుంటున్నాడు.

ఆ ఆటకు కావలసినవన్నీ అక్కడే ఉంటాయి. కట్ట పక్కనే బస్తీ, బస్తీకి వేరే ఆటస్థలం లేదు, పట్టాల కింద పరిచిన కంకర చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఆ కంకర రాళ్ళు 65 మిల్లీమీటర్ల సైజు దాకా ఉంటాయి, పెద్ద రాయి ఒక్కోటి పావుకిలో దాకా తూగుతుంది. గంటకోసారో రెండు గంటలకోసారో భూమి అదిరేలా శబ్దం చేస్తూ ఒక పెద్ద వస్తువు వస్తుంది, గురి చూడాల్సిన పని కూడా లేదు, ఎటు విసిరినా తగులుతుంది, "ఠంగ్" మంటుంది, వెళ్ళిపోతుంది. రైలు ఆగదు. ఎవరూ దిగి తరమరు. పిల్లాడికి ఆ రైలు మనుషులున్న చోటులా కనపడదు, కదిలే గోడలా కనపడుతుంది.

లోపలివాళ్ళకి అదే రాయి ఎలా వస్తుందో లెక్క కట్టి చూడొచ్చు. గంటకు 130 కిలోమీటర్లంటే సెకనుకు 36 మీటర్లు. పిల్లాడు గట్టిగా విసరక్కర్లేదు, రైలుకు ఎదురుగా రాయి గాల్లో ఉంటే చాలు, ముందు అద్దానికి అది ఆ వేగంతోనే తగులుతుంది. 20 అంతస్తులకు పైగా ఉన్న భవనం మీది నుంచి వదిలిన రాయి నేలను తాకేటప్పటి వేగం దాదాపు అంతే ఉంటుంది. ఆ అద్దం వెనక లోకో పైలట్ కూర్చుని ఉంటాడు, కళ్ళు ముందున్న సిగ్నల్ మీద పెట్టి, వెనకాల వందల మందిని మోసుకుపోతూ. అద్దం పగలకుండా సాలెగూడులా బీటలు వారినా అతనికి ముందు దారి సరిగా కనపడదు, రైలును ఆపాలంటే మాత్రం ఇంకా వందల మీటర్లు పోవాలి.

వార్తల్లోకి ఎక్కేది వందే భారత్ అద్దాలే, కానీ ఎక్కువ నష్టపోయేది మామూలు రైళ్ళవాళ్ళు. ఏసీ బోగీకి అద్దమైనా అడ్డం ఉంటుంది. జనరల్, స్లీపర్ బోగీల కిటికీలు ఎండాకాలం పూర్తిగా తెరిచే ఉంటాయి, ఆ ఊచల మధ్య సందులోంచి రాయి సులువుగా పడుతుంది. 100 కిలోమీటర్ల వేగంతో పోతున్న రైల్లో ఉన్న మనిషి వైపు చూస్తే, బయట ఊరికే ఎగరేసిన రాయి కూడా సెకనుకు 28 మీటర్ల వేగంతో వస్తున్నట్టే లెక్క. కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారు? గాలి కావాలని ముసలివాళ్ళు, బయట చూడాలని పిల్లలు, ఏడుపు ఆపడానికి తల్లి ఒళ్ళో నిలబెట్టిన పసివాళ్ళు. దెబ్బ తగిలేది కళ్ళకీ, నుదుటికీ, దవడకీ. తర్వాతి పెద్ద స్టేషన్ వచ్చేదాకా తువ్వాలు నొక్కిపెట్టుకుని కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఆ సమయానికి రాయి వేసిన పిల్లాడు ఇంటికి పోయి అన్నం తింటూ ఉంటాడు. వాడికి తెలిసినంతవరకు ఏమీ జరగలేదు. కాబట్టి రేపు మళ్ళీ వస్తాడు.

రోడ్డు మీద రెప్పపాటు

హోలీ బెలూన్ రాయి కాదు, నీళ్ళే కదా అనిపిస్తుంది. నిలబడి ఉన్న స్నేహితుడి వీపు మీద పగిలితే నిజంగానే నీళ్ళే. 50 కిలోమీటర్ల వేగంతో బండి నడుపుతున్న మనిషి మొహానికి తగిలితే పరిస్థితి వేరు. కళ్ళు వాటంతట అవే మూసుకుంటాయి, చెయ్యి ముందు బ్రేకు నొక్కేస్తుంది. ఒక్క సెకను కళ్ళు మూసుకున్నా బండి 14 మీటర్లు గుడ్డిగా పోతుంది, ఆ 14 మీటర్లలో గుంత ఉండొచ్చు, బస్సు ఉండొచ్చు. వెనక సీట్లో బిడ్డను ఎత్తుకుని ఒక పక్కకి కూర్చున్న మనిషి ఉంటే పట్టుకోవడానికి చెయ్యి కూడా ఖాళీ ఉండదు. ఏటా హోలీకి ముందు హైదరాబాద్ పోలీసులు ఇష్టం లేనివాళ్ళ మీద, వాహనాల మీద రంగులు, రంగునీళ్ళు చల్లకూడదని ఉత్తర్వులిచ్చేది ఇందుకే. పండగ మీద ఆంక్షలేంటని కొందరు చికాకు పడతారు గానీ, ఆ ఉత్తర్వులో ఉన్న షరతు పాత హద్దే: ఆడేవాళ్ళతో ఆడండి, దారిన పోయేవాళ్ళని వదిలేయండి.

సందె చీకట్లో రోడ్డు మీద పెట్టే రబ్బరు పాము కూడా ఈ కోవలోకే వస్తుంది. నడిచి వెళ్ళేవాడు ఎగిరి గంతేస్తాడు, చూసినవాళ్ళు నవ్వుతారు, చాలాసార్లు అతను కూడా నవ్వేస్తాడు. స్కూటీ మీద వచ్చేవాళ్ళు హ్యాండిల్ పక్కకి తిప్పేస్తారు. వస్తువు అదే, పెట్టిన పిల్లలు వాళ్ళే, ఎదుటి మనిషి వేగం ఒక్కటే మారింది.

అమెరికాలో దీని చివరి అంచు ఎలా ఉంటుందో 2017లో కనపడింది. ఆ ఏడాది అక్టోబరులో మిషిగన్ రాష్ట్రంలో ఫ్లింట్ దగ్గర ఐదుగురు టీనేజీ కుర్రాళ్ళు ఐ-75 హైవే మీది వంతెన నుంచి కింద పోయే వాహనాల మీదకి రాళ్ళు వదిలారు, ఒక వ్యాన్‌లో కూర్చున్న మనిషి చనిపోయాడు. డిసెంబరులో అదే హైవే మీద ఒహాయో రాష్ట్రంలో టొలీడో దగ్గర 13, 14 ఏళ్ళ పిల్లలు నలుగురు ఇసుకబస్తా పడేశారు, 22 ఏళ్ళ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. చనిపోయినవాళ్ళు ఆ పిల్లలకి ఏమీ కారు, పగ లేదు, పరిచయం లేదు. పైనుంచి చూస్తే కార్ల పైకప్పులే కనపడతాయి, మొహాలు కనపడవు.

బెల్ కొట్టి పారిపోవడం

అన్నిట్లోకీ తేలికైన అల్లరి ఇదే అనిపిస్తుంది. పాతది కూడా. ఊరికే తలుపు కొట్టి, గంట లాగి ఇంట్లోవాళ్ళని విసిగించడాన్ని లండన్ నగరంలో 1839 నాటి పోలీసు చట్టంలోనే నేరాల జాబితాలో చేర్చారు, జరిమానా పెట్టారు. అంటే దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటే జనం దీంతో ఎంత విసిగిపోయి ఉంటారో ఊహించుకోవచ్చు.

మన అపార్టుమెంట్లలో మధ్యాహ్నం రెండు గంటలకి బెల్ మోగితే తలుపు తీసేది ఎవరు? ఉద్యోగాలకి పోయినవాళ్ళు పోగా మిగిలేది పెద్దవాళ్ళు. నిద్రలోంచి ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్ళు తిరగడం ఆ వయసులో మామూలు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళకి మరీ. తుంటి ఎముక విరగడానికి మంచం నుంచి తలుపు దాకా ఉన్న పది అడుగులు చాలు. ఇలా ప్రతిసారీ జరగదు, నూటికి తొంభై తొమ్మిది సార్లు ఒక విసుగుతో, ఒక తిట్టుతో అయిపోతుంది. కానీ ఏ తలుపు వెనక ఎవరున్నారో బెల్ కొట్టిన పిల్లాడికి తెలిసే దారి లేదు. ఎదురింటి మామ్మగారు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకున్నారని తెలిసిన పిల్లాడు ఆ ఇంటి బెల్ జోలికి సాధారణంగా పోడు. పిల్లల్లో ఆ పాటి దయ ఉంటుంది, పనిచేయడానికి దానికి సమాచారం కావాలి అంతే.

అమెరికాలో ఇదే ఆట ప్రాణాంతకమైంది. 2020 జనవరిలో కాలిఫోర్నియాలోని టెమెస్కల్ వ్యాలీలో బెల్ కొట్టి పారిపోయిన కుర్రాళ్ళ కారును ఆ ఇంటాయన వెంటాడి గుద్దాడు, ముగ్గురు 16 ఏళ్ళ పిల్లలు చనిపోయారు. 2023లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. 2025 ఆగస్టు చివర్లో హ్యూస్టన్‌లో ఇలాగే తలుపు తట్టి పరిగెత్తిన 11 ఏళ్ళ పిల్లాడు తుపాకీ కాల్పులకి బలయ్యాడు, కాల్చాడన్న ఆరోపణ మీద ఒక వ్యక్తిపై హత్య కేసు పెట్టారు. హ్యూస్టన్, డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలు స్కూల్ స్నేహితులతో కలిసి ఈ ఆట ఆడతారు, సెలవులకి వచ్చిన తాతయ్య, నాయనమ్మలకి అది మన ఊరి అల్లరిలాగే అనిపిస్తుంది. తేడా ఎక్కడుందంటే అక్కడ తలుపు వెనక తుపాకీ ఉండే అవకాశం ఎక్కువ. రాత్రి పూట తలుపు గట్టిగా కొట్టిన చప్పుడు దొంగదో, చుట్టుపక్కల పిల్లలదో తేల్చుకునే ఓపిక ఆ ఇంటి మనిషికి ఉంటుందన్న గ్యారంటీ లేదు. ఈ రెండు ఘటనల్లోనూ తప్పు దాడి చేసినవాళ్ళదే, పిల్లలది కాదు. అయినా పోయింది పిల్లల ప్రాణాలే.

పిల్లలకి తెలియక చేస్తారా?

సగం అవును. మంచీ చెడూ చెప్పమంటే పదేళ్ళ పిల్లాడు కూడా సరిగ్గానే చెబుతాడు, రైలు మీద రాయి వేయడం తప్పని వాడికి తెలుసు. ఆ తెలివి పదిమంది మధ్యలో పనిచేయదు. మనస్తత్వవేత్తలు మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో ప్రచురించిన పరిశోధనలో టీనేజీ పిల్లల చేత, యువకుల చేత, పెద్దవాళ్ళ చేత ఒక కంప్యూటర్ డ్రైవింగ్ ఆట ఆడించారు. పక్కన స్నేహితులు చూస్తున్నప్పుడు టీనేజీ పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటి కంటే చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు, పెద్దవాళ్ళలో అలాంటి మార్పు కనపడలేదు. ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై దాటిన తర్వాత కూడా కొన్నేళ్ళు పడుతుంది. "మా వాడు ఇంట్లో చీమకి కూడా హాని చెయ్యడు" అని తల్లిదండ్రులు అనే మాట నిజమే కావచ్చు, ఇంట్లో వాడి పక్కన గుంపు లేదు కాబట్టి.

ఇప్పుడు ఆ గుంపులోకి ఫోన్ కెమెరా వచ్చి చేరింది. ఇంతకుముందు ఆరుగురు స్నేహితులు నవ్వితే చాలు, ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో చూడాలి. తెలిసినవాళ్ళ మీద చేసిన అల్లరి వీడియోలో చప్పగా ఉంటుంది, అసలు భయం, అసలు కోపం కావాలంటే తెలియని మనిషే కావాలి. అంటే ఏ రకం అల్లరి ఎక్కువ ప్రమాదమో సరిగ్గా దానివైపే కెమెరా పిల్లల్ని నెడుతోంది. పెద్దవాళ్ళు చూపిస్తున్న దారి కూడా బాగా లేదు. 2024 ఆగస్టులో కూకట్‌పల్లిలో ఒక యూట్యూబర్ నడిరోడ్డు ట్రాఫిక్‌లో కరెన్సీ నోట్లు గాల్లోకి విసిరి వీడియో తీసి అరెస్టయ్యాడు. అరెస్టు వార్త చూసిన పిల్లల్లో కొందరికి గుర్తుండేది ఆ వీడియోకి వచ్చిన వ్యూసే.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

1989 రైల్వే చట్టం ఈ విషయంలో చాలా కఠినం. ప్రయాణికులకి హాని చేయాలనే ఉద్దేశంతోనో, హాని జరుగుతుందని తెలిసో రాయి విసిరితే 152వ సెక్షన్ కింద యావజ్జీవం లేదా 10 ఏళ్ళ దాకా జైలు. కావాలని చేసిన పని వల్ల ప్రయాణికుల భద్రతకి ముప్పు వస్తే 153 కింద ఐదేళ్ళ దాకా, నిర్లక్ష్యంతో చేస్తే 154 కింద ఏడాది దాకా. రోడ్డు మీద ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే దుడుకు పనులకి భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ఉంది, తీవ్రగాయమైతే మూడేళ్ళ దాకా శిక్ష.

పిల్లల విషయంలో ఇది వేరే దారిన నడుస్తుంది. ఏడేళ్ళలోపు పిల్లలు ఏం చేసినా నేరం కాదు. ఏడు నుంచి 12 ఏళ్ళ మధ్య పిల్లలకి తాము చేస్తున్నదేంటో, దాని ఫలితమేంటో అర్థం చేసుకునేంత పరిణతి లేకపోతే అదీ నేరం కాదు. నేరం కిందికి వచ్చే పనులకి 18 నిండేదాకా 2015 జువెనైల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. పిల్లల్ని లాకప్‌లో పెట్టకూడదు, పేరూ ఫొటో బయటపెట్టకూడదు. మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బోర్డు ముందు హాజరు పరచాలి. ఆ బోర్డు మందలించి పంపొచ్చు, కౌన్సెలింగ్‌కి పంపొచ్చు, సమాజసేవ చేయించొచ్చు, తల్లిదండ్రుల చేత జరిమానా కట్టించొచ్చు, తీవ్రమైన కేసుల్లో మూడేళ్ళ దాకా ప్రత్యేక గృహంలో ఉంచొచ్చు. "పిల్లలే కదా, కేసు ఉండదు" అన్న ధీమా, "జైల్లో వేసేస్తారు" అన్న బెదిరింపు, రెండూ తప్పే.

బెదిరింపు కంటే ఏది పనిచేస్తుంది

భయపెడితే పిల్లలు బాగా నేర్చుకునేది దొరక్కుండా ఉండటం. అసలు లోటు వేరే చోట ఉంది: వాళ్ళ పని ఫలితం వాళ్ళకి కనపడటం లేదు. అందుకే రైల్వే రక్షణ దళం కట్ట పక్క ఊళ్ళలో, బడుల్లో పెట్టే అవగాహన సమావేశాలు చట్టం సెక్షన్లు చదివి వినిపించడంతో సరిపెడితే పెద్దగా ఉపయోగం ఉండదు. ముందు అద్దం పగిలిన రోజు తనకేం జరిగిందో ఒక లోకో పైలట్ వచ్చి చెబితే, సెకనుకు 36 మీటర్ల లెక్కను ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం టీచరు బోర్డు మీద చేయిస్తే, ఆ రైలు కదిలే గోడగా కనపడటం మానేస్తుంది. దొరికిన పిల్లల చేత జువెనైల్ జస్టిస్ బోర్డు చేయించే సమాజసేవ కూడా ఏదో మొక్కలు నాటించడంతో పోకుండా స్టేషన్ ప్రథమ చికిత్స గది దగ్గరో, బోగీల అద్దాలు మార్చే షెడ్డు దగ్గరో జరిగితే ఫలితం ఎక్కువ ఉంటుంది.

అలాగని పిల్లల్ని మొత్తంగా ఇంట్లో కూర్చోబెట్టడం దీనికి విరుగుడు కాదు. వీధిలో కలిసి తిరగడం, కాస్త తెగించడం, ఒకణ్ణి ఆటపట్టించి వాడు నిజంగా నొచ్చుకున్నాడని మొహం చూసి గ్రహించి ఆపేయడం, ఇవన్నీ పిల్లలు నేర్చుకోవాల్సినవే, ఫోన్‌లో నేర్చుకోలేనివి. బంగాళాదుంప ముద్ర తిన్న చొక్కాకి అమ్మ చేతిలో సబ్బు చాలు. అల్లరి పట్టిన పిల్లాణ్ణి పెద్దవాళ్ళు అడగాల్సినవి రెండే ప్రశ్నలు: అవతలి మనిషి నిన్ను చూడగలడా, వద్దురా అంటే నీకు వినపడుతుందా? రెండిటికీ అవునని వస్తే చాలావరకు వదిలేయొచ్చు. ఏ ఒక్కదానికి కాదన్నా అప్పటికప్పుడు ఆపాలి, అది పండగ రోజైనా సరే.

ఈ మాట చెప్పే సమయం కూడా ముఖ్యం. అద్దం పగిలాక ఊరి మీదకి ఆర్‌పీఎఫ్ జీపు వచ్చేసరికి పిల్లలు పొలాల్లోకి పరిగెత్తేస్తారు, తల్లిదండ్రులు తలుపులేసుకుంటారు, అక్కడ ఇక మాటలకి చోటుండదు. సంక్రాంతి సెలవులకి ముందు వారం, హోలీకి ముందు వారం, వేసవి సెలవులిచ్చే చివరి పనిదినం: బడిలో ఒక్కో గంట ఈ మూడుసార్లు కేటాయిస్తే ఖర్చేమీ లేదు. కట్ట పక్క బస్తీల్లో మాత్రం మాట ఒక్కటే చాలదు, సాయంత్రం ఐదింటికి ఆ పిల్లలు బంతి పట్టుకుని వెళ్ళడానికి పట్టాలకి దూరంగా ఒక ఖాళీ స్థలం మున్సిపాలిటీయో, పంచాయతీయో చూపించాలి.